అడిగే చెయ్యి, తెలిసిన చెయ్యి

వృద్ధుల గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు సాధారణంగా కన్నప్రేమతో మొదలై కన్నీళ్ళతో ముగుస్తాయి. స్నానాలగది దాకా వెళ్ళేవి అరుదు. పెద్దవాళ్ళకు ఒంటి సేవ ఎలా జరుగుతోందో తెలియాలంటే మాత్రం వెళ్ళవలసింది అక్కడికే. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, మరుగుదొడ్డికి తీసుకెళ్ళడం, అన్నం తినిపించడం, పళ్ళూ గోళ్ళూ జుట్టూ చూడటం. ఈ పనుల్ని రెండు చోట్ల పక్కపక్కన పెట్టి చూడాలని చాలాకాలంగా నా కోరిక. ఒకటి మనందరం ఎరిగిన మన ఇల్లు. రెండోది ఇంగ్లండులోని ఎక్స్‌ట్రా కేర్ హౌసింగ్.

మన ఇంటిని పరిచయం చెయ్యనక్కర్లేదు. రెండోదాన్ని చెయ్యాలి, ఎందుకంటే వినగానే చాలామంది వృద్ధాశ్రమం అనుకుంటారు. అది ఆశ్రమం కాదు, ఫ్లాట్ల సముదాయం. ఎవరి ఫ్లాటు వారిది. సొంత వంటగది, సొంత తాళం, తన పేరు మీదే అద్దె ఒప్పందమో కొనుగోలు పత్రమో. కింద అందరికీ కలిపి ఒక భోజనశాల, కూర్చుని కబుర్లాడుకునే హాలు, ఎక్కువ చోట్ల ఒక క్షౌరశాల. ఒంటి సేవ చేసే కేరర్ల బృందం రాత్రింబవళ్ళు ఆ ఆవరణలోనే ఉంటుంది. ఇల్లు ఒక ఒప్పందం, సేవ వేరే ఒప్పందం. కేర్ క్వాలిటీ కమిషన్ అనే తనిఖీ సంస్థ కూడా ఫ్లాటు జోలికి పోదు. ఆ ఫ్లాటు లోపల మనిషి ఒంటికి జరిగే సేవనే చూసి మార్కులు వేస్తుంది. గోడలకు ఒక లెక్క, ఒంటికి ఒక లెక్క అన్నమాట. ఈ విభజన మనకు వింతగా తోస్తుంది. మన దగ్గర ఇల్లూ సేవా విడదీయరానివి. ఇల్లు ఎవరి పేరున ఉంటే సేవ వాళ్ళ బాధ్యత అనే లెక్క కూడా చాలా కుటుంబాల్లో పైకి అనకుండానే నడుస్తుంది.

ఇక పొద్దుటి పూట. కేరర్ వచ్చి తలుపు తడుతుంది, ఆగుతుంది. లోపలికి వెళ్ళే వీలు తన చేతిలో ఉన్నా, లోపలినుంచి మాట వినబడేదాకా ఆగాలన్నది అక్కడి మర్యాద. చేతులకు గ్లౌజులు, ఒంటికి ప్లాస్టిక్ ఏప్రన్. ఇవాళ షవర్ చేస్తారా, ఒళ్ళు తుడవమంటారా అని అడుగుతుంది. ఆ స్నానాలగదికి గడప ఉండదు. చక్రాల కుర్చీ సాఫీగా వెళ్ళేలా నేలంతా ఒకే మట్టం, కాలు జారని నేల, గోడకు కడ్డీలు, షవర్ కింద కూర్చునే సీటు. నీళ్ళ వేడి తను చూసుకుని, తర్వాత పెద్దావిడ చేతి మీద వదిలి సరిపోయిందా అంటుంది. ముఖం ఆవిడనే కడుక్కోమంటుంది, ఎందుకంటే చేతనైన పని చేతనైనన్నాళ్ళూ మనిషి చేతనే చేయించాలి. పైన కడిగేటప్పుడు కింద తువ్వాలు కప్పి ఉంటుంది. కింద కడిగేటప్పుడు ఆ తువ్వాలే భుజాల మీదికి వస్తుంది. కాలివేళ్ళ సందుల్లో తడి ఒత్తుతుంది. పక్షవాతం వచ్చిన చేతిని ముందు చొక్కాలో దూర్చి, మంచి చేతిని తర్వాత తొడుగుతుంది. విప్పేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది. వెళుతూ వెళుతూ ఏం చేసిందో, ఆవిడ ఏం వద్దన్నదో రాసి వెళుతుంది.

మన ఇంట్లో పొద్దున్న అంటే బకెట్టు, మగ్గు, ప్లాస్టిక్ స్టూలు. గడప ఉంటుంది, నీళ్ళు ఇల్లంతా పారకుండా ఆపడానికి కట్టినది. అరవయ్యేళ్ళు దాటినవాళ్ళ తుంటి ఎముకలు విరగడంలో దాని పాత్ర కూడా ఉంటుంది. టైల్స్ నున్నగా మెరుస్తుంటాయి, ఇల్లు కట్టిన రోజున అందరూ మెచ్చుకున్నవే. కోడలు నీళ్ళలో ముంజేయి ఆనించి చూస్తుంది. అత్తగారికి ఒళ్ళు చురుక్కుమనే నీళ్ళు కావాలని ఆవిడకు తెలుసు. వీపు రుద్దేటప్పుడు ఎడమ భుజం దగ్గర గట్టిగా రుద్దకూడదనీ తెలుసు. శనివారం తలకు నూనె పెట్టి, కుంకుడు రసం, ఓపిక లేకపోతే షాంపూ పెట్టి, సామ్రాణి పొగ వేసి, జడ అల్లి, బొట్టు పెట్టేదాకా ఆ స్నానం పూర్తయినట్టు కాదు. అడగడాలు ఉండవు. 'అత్తయ్యా, లేవండి, నీళ్ళు చల్లారిపోతాయి' అంతే. ఒంటి మీద నీళ్ళు ధారగా పడుతుంటే కలిగే ఆ హాయి షవర్ కింద రాదని నేను నమ్ముతాను. ఇది పక్షపాతమే అయితే అలాగే అనుకోండి.

అక్కడి చెయ్యి తెలియదు గనక అడుగుతుంది, ఇక్కడి చెయ్యి తెలుసు గనక అడగదు. నా దృష్టిలో రెండు పద్ధతుల అందమూ, రెండింటి ప్రమాదమూ ఇక్కడే ఉన్నాయి. అడగడం వల్ల ముసలి మనిషి రోజుకు నాలుగైదుసార్లు తన ఒంటికి తానే యజమాని అని గుర్తు చేసుకుంటుంది. తెలిసి ఉండటం వల్ల ఆ మనిషి నోరు తెరిచి చెప్పుకోవలసిన అవమానం తప్పుతుంది. 'కాస్త బట్ట మార్చు' అని అడగకముందే బట్ట మార్చే కూతురు చేసే మేలు ఏ ఒప్పందంలోనూ రాయలేరు.

అయితే అడగడం కూడా ఒక్కోసారి తప్పించుకునే దారి అవుతుంది. ఇంగ్లండులో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ఒక మంచి మాట చెప్పింది: తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన మనిషికి నిర్ణయించుకునే శక్తి లేదనకూడదు. దాని ప్రకారం తెలివి స్థిమితంగా ఉన్న పెద్దావిడ స్నానం వద్దంటే వద్దన్నట్టే. కేరర్ ఆ మాటే రాసుకుని వెళ్ళిపోతుంది. మర్నాడూ వద్దంటుంది, మూడోనాడూ వద్దంటుంది. ఆ 'వద్దు' చలికా, పడిపోతానన్న భయమా, నిన్న వచ్చిన అమ్మాయి చేతులు మొరటుగా ఉన్నాయా అన్నది తెలుసుకోవడానికి కాసేపు కూర్చోవాలి. ఆ కాసేపు కేరర్ పనుల పట్టికలో లేదు. మర్యాదగా అడిగి, మర్యాదగా వదిలేసిన ఒళ్ళు వాసన వేస్తూ ఉండిపోవచ్చు. చట్టం దృష్టిలో అందులో ఎవరి తప్పూ కనబడకపోవచ్చు.

మన దగ్గర 'వద్దు' అన్న మాటకు అంత విలువ లేదు. దాన్ని మొండితనం అంటాం, చాదస్తం అంటాం. తెలిసిన చెయ్యి అనే ధీమా ఎక్కడిదాకా పోతుందో చెప్పడానికి ఒక్క విషయం చాలు. తల దువ్వడం, తలంటడం కష్టమవుతోందని మంచాన పడ్డ తల్లుల జుట్టు పొట్టిగా కత్తిరించేస్తారు. చేసేవాళ్ళకు సౌకర్యం, పేలు పట్టవు, నిజమే. ఎనభై ఏళ్ళు దాటిన ఆవిడ తన చిన్నతనంలో వితంతువులకు తల గొరిగిన ఇళ్ళను కళ్ళారా చూసి ఉంటుంది. అద్దం ముందు కూర్చోబెట్టినప్పుడు ఆవిడకు ఏం గుర్తొస్తుందో అడిగినవాళ్ళు నాకు తారసపడలేదు. అలాగే రాత్రిపూట లేపవలసి వస్తుందని సాయంత్రం నుంచి మంచినీళ్ళు తగ్గించే ఇళ్ళు ఉన్నాయి. నడవగలిగిన మనిషికి కూడా డైపర్ తొడిగే ఇళ్ళు ఉన్నాయి. ఈ విషయంలో ఇంగ్లండూ తీసిపోలేదు. బాత్‌రూమ్‌కు నడిపించే సమయం లేక ప్యాడ్ మీదే కానివ్వమనడం అక్కడా కొత్త ఫిర్యాదు కాదు. తొందర ఎక్కడైనా ఒకటే పని చేయిస్తుంది.

ఈ రెండు పద్ధతుల వెనక రెండు చరిత్రలున్నాయి. ఇంగ్లండు తలుపునూ తాళాన్నీ అంతగా పట్టుకు వేలాడటానికి కారణం వర్క్‌హౌసులనే ఆ దేశపు పాత పేదల శరణాలయాలు. 1948లో నేషనల్ అసిస్టెన్స్ చట్టంతో పేదల శాసనాల కాలం ముగిసిందని ప్రకటించారు. పదేళ్ళ తర్వాత పీటర్ టౌన్‌సెండ్ అనే సామాజిక శాస్త్రవేత్త దేశమంతా తిరిగి చూస్తే పేరు మారిన పాత వర్క్‌హౌసుల్లోనే ముసలివాళ్ళు వరస మంచాల మీద కనిపించారు. సొంత బీరువా లేదు, సొంత బట్టలు లేవు, స్నానానికి వంతు. 1962లో ఆయన ప్రచురించిన 'ది లాస్ట్ రెఫ్యూజ్' ఇలాంటి చోట్లకు బదులు చిన్న చిన్న ఇళ్ళూ, ఇంటికి వచ్చే సేవా కావాలని వాదించింది. తర్వాత వచ్చిన షెల్టర్డ్ హౌసింగ్, ఆ తర్వాత అందులోనే సేవ పెంచిన ఎక్స్‌ట్రా కేర్, ఆ వాదనకు దూరపు వారసులే. 2004 నుంచి ప్రభుత్వమే వీటికి ప్రత్యేక నిధి ఇచ్చింది. 2009లో హాపీ పేరుతో వచ్చిన నివేదిక వెలుతురు, బాల్కనీ, విశాలమైన గదులు కావాలని వాస్తుశిల్పులకు చెప్పింది. మొత్తమ్మీద ఆ ఏర్పాటంతా ఒక భయానికి సమాధానం: నలుగురిలో ఒంటరిగా, ఎవరికీ చెందని ఒంటితో చచ్చిపోతామన్న భయం.

మన భయం వేరు. మనకు వర్క్‌హౌసులు లేవు. ఉమ్మడి ఇల్లు ఉంది, అందులో అలుపెరగకుండా చాకిరీ చేసే ఆడవాళ్ళు ఉన్నారు. ఆ చాకిరీని సేవ అన్నాం, పుణ్యం అన్నాం, జీతం మాత్రం ఎప్పుడూ అనలేదు. 'కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే పోవాలి' అన్న మన పెద్దల కోరికలో సగం దైవభక్తి, సగం కోడలి మీద జాలి. కొంచెం కోడలి మీద భయం కూడా. ఇప్పుడా కోడలు ఉద్యోగానికి వెళుతోంది. కొడుకు డాలస్‌లోనో స్లౌలోనో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది మనుషుల్ని కుదిర్చే బ్యూరో పంపిన అటెండెంట్. అంటే మన దగ్గర కూడా అపరిచిత చెయ్యి వచ్చేసింది. కాకపోతే మనం ఆమెను ఇంకా తెలిసిన చెయ్యిగానే లెక్కవేసి, ఏమీ చెప్పకుండా, ఏమీ రాయకుండా, పెద్దావిడను అప్పగించేస్తున్నాం.

సాహిత్యంలోనూ ఈ జంట దొరుకుతుంది. అలన్ బెన్నెట్ 1988లో బీబీసీకి రాసిన 'టాకింగ్ హెడ్స్' ఏకపాత్రల్లో ఒకదానిలో డోరిస్ అనే ముసలావిడ ఇంట్లో దుమ్ము దులుపుతూ పడిపోతుంది. ఇంటికి వచ్చే పనిమనిషి దులపవద్దన్నా వినలేదు. ఆవిడ భయమల్లా స్టాఫర్డ్ హౌస్ అనే ఆశ్రమానికి పంపేస్తారని. రాత్రి పోలీసు వచ్చి తలుపు దగ్గర పలకరిస్తే బాగానే ఉన్నానని చెప్పి పంపేస్తుంది. థోరా హర్డ్ నటన చూసినవాళ్ళు ఆ 'బాగానే ఉన్నాను'ను మరిచిపోలేరు. మన శ్రీరమణ 'మిథునం'లో అప్పదాసు, బుచ్చిలక్ష్మి కూడా ఇల్లు కదలనివాళ్ళే. పిల్లలు విదేశాల్లో. వాళ్ళకు పెరడుంది, వంటిల్లుంది, ఒకరినొకరు దెప్పుకోవడానికి తీరిక ఉంది. 2012లో తనికెళ్ళ భరణి తీసిన సినిమాలో తెర మీద ఆ ఇద్దరే ఉంటారు. తాను ముందు పోతే ఆయన్ను చూసే దిక్కుండదని, ముత్తయిదువ చావును వదులుకుని, భర్తే ముందు పోవాలనుకుంటుంది ఆ ఇల్లాలు. డోరిస్‌కు తలుపు కావాలి, మనిషి అక్కర్లేదు. బుచ్చిలక్ష్మికి మనిషే ఇల్లు. కానీ 'మిథునం'లో ఒక సంగతి లేదు: బుచ్చిలక్ష్మికి మంచాన పడే రోజు వస్తే ఎవరు స్నానం చేయిస్తారు? శ్రీరమణ అంతదూరం వెళ్ళలేదు. అది ఆ కథకు లోపమని నేను అనను. ఆ కథను చదివి ఇదే మన సంస్కృతి అని చంకలు గుద్దుకునేవాళ్ళు మాత్రం ఆ ప్రశ్న వేసుకోవాలి. బెన్నెట్ కథ రాసేనాటికి ఎక్స్‌ట్రా కేర్ ఇంకా వ్యాపించలేదు. డోరిస్‌కు ఇల్లా, ఆశ్రమమా అన్న రెండే దారులు. మూడో దారి ఉంటే ఆవిడ పోలీసుతో ఏమనేదో.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఇంగ్లండులో ఆస్తి 23,250 పౌండ్లు దాటినవాళ్ళు సేవ ఖర్చు తామే భరించాలి. సొంత ఫ్లాటులో ఉంటూ సేవ పొందుతుంటే ఆ ఫ్లాటు విలువను ఇందులో కలపరు. పక్కనే ఉన్న స్కాట్లండులో 65 దాటినవాళ్ళకు ఒంటి సేవ 2002 నుంచి ఉచితం. ఇంగ్లండులో ఆస్తితో సంబంధం లేకుండా ఇచ్చే అటెండెన్స్ అలవెన్స్ 2025-26లో గరిష్ఠంగా వారానికి 110 పౌండ్ల 40 పెన్నీలు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. రెండూ తలుపు దగ్గర ఆగిపోయే డబ్బులే. ఆ డబ్బుతో కొన్న చెయ్యి ఎలా ఉందో చూసే బాధ్యత రెండింటిలోనూ లేదు.

సమయం దగ్గర తేడా బాగా కనిపిస్తుంది. ఎక్స్‌ట్రా కేర్‌లో సేవను నిమిషాల్లో కొంటారు. పొద్దున్న నలభై అయిదు, మధ్యాహ్నం ముప్పై, రాత్రి ముప్పై, ఇలా. అరగంటకు తక్కువ సేవ సాధారణంగా పనికిరాదని 2015లోనే అక్కడి జాతీయ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ చెప్పింది. అయినా పావుగంట సేవలు పోలేదు. ఆ పావుగంటలో మాత్ర వేయవచ్చు, టీ పెట్టవచ్చు. ఆ టీ తాగిందో లేదో చూడటానికి సమయం చాలదు. ఎక్స్‌ట్రా కేర్‌కు ఇక్కడ ఒక పెద్ద సుగుణం ఉంది. బృందం ఆవరణలోనే ఉంటుంది గనక మధ్యలో పడిపోయినా, బట్టలు తడిసినా, మెడలో వేలాడే అలారం మీట నొక్కితే మనిషి వస్తుంది. విడి ఇళ్ళలో ఒంటరిగా ఉండేవాళ్ళకు ఈ ధైర్యం లేదు. కాకపోతే రాత్రి ఇద్దరే ఉన్న బృందానికి ముగ్గురు ఒకేసారి మీట నొక్కితే ఎవరో ఒకరు తడిలో ఎదురుచూడాలి.

మన ఇంట్లో గడియారం లేదు, అది మనకు గర్వం. అయితే గడియారం లేకపోవడానికి ఇంకో పేరు ఇరవైనాలుగు గంటల డ్యూటీ. పెద్దాయన మంచం పక్కనే చాప వేసుకుని పడుకునే అటెండెంటుకు నిద్ర ఎప్పుడు అన్న ప్రశ్న బ్యూరో ఒప్పందంలో ఉండదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పడకపుళ్ళు వస్తాయని డాక్టరు చెబుతాడు. రెండు గంటలకోసారి రాత్రంతా లేచే మనిషి పగలు కూడా అదే ఓపికతో అన్నం తినిపించాలని ఇంటివాళ్ళు ఆశిస్తారు. అక్కడ నిమిషాలు చాలక సేవ చెడుతుంది, ఇక్కడ గంటలు ఎక్కువై చెడుతుంది.

తనిఖీ విషయంలో ఇంగ్లండుది పైచేయి. భద్రంగా ఉందా, ఫలితమిస్తోందా, ఆప్యాయత ఉందా, అవసరాన్ని బట్టి నడుచుకుంటున్నారా, నిర్వహణ బాగుందా అన్న అయిదు ప్రశ్నల మీద కేర్ క్వాలిటీ కమిషన్ మార్కులు వేస్తుంది. ఆ నివేదికలను ఎవరైనా చదువుకోవచ్చు. చదివితే ఒక్కోచోట నవ్వూ వస్తుంది, ఎందుకంటే ఆప్యాయతకు కూడా ఆధారం చూపించాలి. కానీ 2024లో పెన్నీ డాష్ జరిపిన సమీక్ష ఆ కమిషన్ తనిఖీలు బాగా తగ్గిపోయాయనీ, కొన్నిచోట్ల మార్కులు ఏళ్ళ నాటివనీ తేల్చింది. మన దగ్గర ఇంటికి వచ్చే అటెండెంట్ పని చూసే సంస్థ ఏదీ లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం తిండి, బట్ట, నివాసం, వైద్యం గురించి మాట్లాడుతుంది. ఆస్తి రాయించుకుని చూడని పిల్లల నుంచి ఆ ఆస్తిని వెనక్కి ఇప్పించే సెక్షన్ 23 దానిలో ఉంది. ట్రిబ్యునళ్ళ దగ్గర ఆస్తి తగాదాలే ఎక్కువగా వినిపిస్తాయి. స్నానం చేయించడంలేదన్న ఫిర్యాదుతో ట్రిబ్యునల్‌కు వెళ్ళే తల్లిని ఊహించడం కష్టం. మన తనిఖీదారు పక్కింటి పిన్నిగారు. ఆవిడ వచ్చి దుప్పటి వాసన చూసి వెళుతుంది, మర్నాటికి వీధంతా తెలుస్తుంది. ఈ తనిఖీ ఏళ్ళ తరబడి బాగానే పనిచేసింది. అపార్ట్‌మెంట్ల తలుపులు దాని పని ముగించాయి.

ఇంతదాకా తేడాలు ఎక్కువ చూశాం. ఒళ్ళు కడిగే మనిషిని చూసే చూపులో మాత్రం రెండు దేశాలూ ఏకోదరులే. బ్యూరోకు ఫోన్ చేసి ముందుగా అనుభవం ఎంత అని కాక, ఏ కులం అని అడిగే ఇళ్ళు నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. నాన్నగారి మలం ఎత్తే మనిషికి గ్లాసు వేరు, కంచం వేరు, వంటింట్లోకి రాకూడదు. అక్కడ నల్లజాతి కేరర్‌ను చూసి ఈమె చెయ్యి నాకొద్దనే ముసలివాళ్ళు ఉన్నారు. అప్పుడు ఇంకొకరిని పంపాలా, ఆ కేరర్‌నే సమర్థించాలా అన్నది నిర్వాహకులకు తలనొప్పి. తన ఒంటిని ఎవరు ముట్టుకోవాలో చెప్పే హక్కు ఎంతో గొప్పది కదా, ఆ హక్కే అప్పుడు విషం కక్కుతుంది. జీతాల్లోనూ చుట్టరికమే. ఇంగ్లండు కేరర్ చాలాచోట్ల చట్టం చెప్పిన కనీస వేతనానికి కొంచెం అటూ ఇటూగా పనిచేస్తుంది. 2025 ఏప్రిల్‌లో అది గంటకు 12 పౌండ్ల 21 పెన్నీలు. మన అటెండెంట్ జీతంలో కొంత బ్యూరోకు పోతుంది.

2022 ఫిబ్రవరిలో బ్రిటన్ కేరర్లకు వీసాలు తెరిచింది. 2024 మార్చి నుంచి కుటుంబాన్ని తీసుకురాకూడదంది, 2025 జూలైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేసింది. ఆ మూడేళ్ళలో వెళ్ళిన భారతీయుల్లో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. ఏజెంట్లకు లక్షలు పోసినవాళ్ళు, మాస్టర్స్ అయ్యాక వేరే ఉద్యోగం దొరక్క ఇందులోకి దిగినవాళ్ళు. ఇంట్లో నానమ్మకు మంచినీళ్ళ గ్లాసు కూడా అందించి ఎరగని కుర్రాడు అక్కడ కేర్ సర్టిఫికెట్ పాఠాల్లో గోప్యత, గౌరవం, అనుమతి గురించి చదువుకుని, పరాయి పెద్దమనిషి కాలివేళ్ళ మధ్య తడి ఒత్తుతాడు. ఆయన్ను ఏమని పిలవాలో కూడా అడిగి తెలుసుకుంటాడు, మిస్టర్ అనాలా, పేరు పెట్టి పిలవాలా అని. అదే సమయంలో వాళ్ళమ్మకు ఇక్కడ ఏ శ్రీకాకుళం నుంచో వచ్చిన అమ్మాయి స్నానం చేయిస్తూ, ఎవరూ నేర్పకుండానే, మామ్మగారూ అని పిలుస్తుంది. ఈ ఇద్దరూ ఒకరి పని గురించి ఒకరు మాట్లాడుకుంటే వచ్చే సంభాషణ నాకు వినాలని ఉంది. పక్షవాతపు చెయ్యి ముందు చొక్కాలో దూర్చాలన్న కిటుకు వాడు పాఠంలో నేర్చుకున్నాడు, ఈ అమ్మాయి ఇంకో ఆయా దగ్గర నేర్చుకుంది. తెలిసిన చెయ్యి అని మనం మురిసిపోయే కోడలు మాత్రం ఆ చేతిని నాలుగుసార్లు నొప్పించాక నేర్చుకుంది.

అందుకే నాణ్యత అంతా మనిషి మంచితనంలో ఉందని నేను ఒప్పుకోను. సగం కిటుకులో ఉంది, కిటుకు నేర్పితే వస్తుంది. మిగతా సగం అదే మనిషి మళ్ళీ మళ్ళీ రావడంలో ఉంది, అది కొంటే కూడా రావడంలేదు. ఎక్స్‌ట్రా కేర్‌లో సేవ కాంట్రాక్టును స్థానిక కౌన్సిల్ కొన్నేళ్ళకోసారి టెండరుకు పెడుతుంది. సంస్థ మారుతుంది, కేరర్లలో కొందరు కొత్త సంస్థలోకి వెళతారు, కొందరు మానేస్తారు. పెద్దావిడ మళ్ళీ మొదటినుంచి తన ఒళ్ళు ఎలా కడగాలో ఒక కొత్త ముఖానికి చెప్పుకోవాలి. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళకు అది సాధ్యం కాదు. కొన్నిచోట్ల వాళ్ళను చివరికి నర్సులుండే ఆశ్రమానికి పంపుతారు, చనిపోయేదాకా ఇదే మీ ఇల్లు అని మొదట్లో చెప్పినా సరే. అలాగే మన దగ్గర అటెండెంట్ ఒక నెల చేసి వెళ్ళిపోతుంది. బ్యూరో ఇంకొకరిని పంపుతుంది. కొత్తగా వచ్చిన పిల్లకు పాత పిల్ల ఏమీ చెప్పి వెళ్ళదు.

రెండు పద్ధతుల అసలు రంగు పండగల్లో బయటపడుతుంది. సంక్రాంతికి అటెండెంట్ ఊరికి వెళుతుంది, వెళ్ళకపోతే తప్పు మనది. డిసెంబరు చివరి వారంలో ఇంగ్లండు కేరర్ తన పిల్లల దగ్గర ఉండాలనుకుంటుంది, ఉండాలి కూడా. రెండుచోట్లా ఆ పొద్దున్న ముక్కూమొహం తెలియని మనిషి తలుపు దగ్గర నిలబడుతుంది. అక్కడి మనిషి చేతిలో కాగితం ఉంటుంది: ఎడమచెయ్యి నొప్పి, కాఫీలో రెండు చెంచాల చక్కెర, మగ కేరర్ వద్దు, ముఖం తనే కడుక్కుంటుంది. ఇక్కడ వచ్చిన మనిషికి చేతిలో ఏమీ ఉండదు. డాలస్ నుంచి కూతురు వీడియో కాల్‌లో, అక్కడ రాత్రి వేళ, నీళ్ళు ఇంకా వేడిగా ఉండాలి, ఆ భుజం దగ్గర నెమ్మది అని చెబుతుంటుంది. ఆ కాగితం కన్నా ఆ కూతురికి ఎక్కువ తెలుసు. కాగితానికి మాత్రం సిగ్నల్ అక్కర్లేదు. మన ఇళ్ళలో ఫ్రిజ్ మీద పాలవాడి నంబరు, గ్యాస్ నంబరు అంటించి ఉంటాయి. అమ్మకు నీళ్ళు ఎంత వేడిగా ఉండాలో రాసిన ముక్క వాటి పక్కన అంటించడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. ఏం రాయాలో అమ్మను అడిగే రాయాలి.